చెడుకు కారణం చెప్పనన్నవాడు: అగస్టీను చింతనలో పాపం, స్వేచ్ఛ, రక్షణ

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఏ గురువుగారి పేరున జరుగుతున్నదో ఆయన పాఠం విన్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. ఒక సిద్ధాంతాన్ని ఖండించబోయే ముందు దాన్ని నమ్మినవాడి కన్నా బాగా చెప్పగలగాలని ఆయన అనేవారు. ఇవాళ్టి విషయానికి ఆ నియమం మరీ అవసరం. నేను చెప్పబోయే వివాదంలో నెగ్గినవాడి రచనలు గుట్టలుగా మిగిలాయి. ఓడినవాడి ముఖ్యమైన రచనలు కొన్ని నెగ్గినవాడి ఖండనల్లో ముక్కలుగానే దొరుకుతున్నాయి. నెగ్గినవాడు హిప్పో నగర బిషప్ అగస్టీను. ఓడినవాడు బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలేజియస్.

ప్రశ్న పాతదే. దేవుడు మంచివాడైతే చెడును తొలగించాలని అనుకోవాలి, సర్వశక్తుడైతే తొలగించగలగాలి, మరి చెడు ఇంకా ఎందుకుంది? నాలుగో శతాబ్దపు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ దీన్ని గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ వాదంగా నమోదు చేశాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా క్రైస్తవ చింతనలో దీనికి ఇచ్చిన జవాబులు లెక్కలేనన్ని. వాటిలో అగస్టీనుది ప్రధానమైనదని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అయితే అగస్టీను ఇచ్చిన వివరణ కన్నా, ఒకచోట వివరించడానికి ఆయన నిరాకరించడమే గొప్పదని నేను అనుకుంటున్నాను. ఆ నిరాకరణకు కట్టుబడిన చోట ఆయన మనకు దారి చూపాడు. దాన్ని తప్పిన చోట మనల్నీ దారి తప్పించాడు. ఇదే నా ప్రతిపాదన.

1. మానీ మతం ఇచ్చిన సులువైన జవాబు

అగస్టీను 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో పుట్టాడు. ఇప్పుడది అల్జీరియాలోని సూక్ అహ్రాస్. తల్లి మోనికా క్రైస్తవురాలు. తండ్రి పత్రీషియస్ చాలాకాలం పాత రోమను మతంలోనే ఉండి, చివరిదశలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కార్తేజ్‌లో అలంకారశాస్త్రం చదువుతుండగా పందొమ్మిదో ఏట సిసిరో గ్రంథం ‘హోర్టెన్షియస్’ చేతికొచ్చింది. దాంతో కుర్రవాడికి తత్వం మీద మనసు పోయింది. బైబిలు తెరిచి చూశాడు గానీ, సిసిరో వచనం రుచిమరిగిన చెవికి ఆ లాటిన్ మొరటుగా తగిలింది. ఆ సమయంలోనే మానీ మతస్థులు పరిచయమయ్యారు. దాదాపు తొమ్మిదేళ్లు వాళ్లతోనే గడిపాడు.

మూడో శతాబ్దంలో పారశీక సామ్రాజ్యంలో బయల్దేరిన మతమది. దాని స్థాపకుడైన మానీ చివరికి రాజు చెరలో చనిపోయాడు. వెలుగు రాజ్యం, చీకటి రాజ్యం అని రెండు అనాది శక్తులున్నాయనీ, వాటి యుద్ధంలో వెలుగు తునకలు చీకట్లో చిక్కుకున్నాయనీ, ఈ లోకం ఆ కలగాపులగమేననీ మానీ బోధ. సంఘంలో ‘ఎంపికైనవారు’, ‘శ్రోతలు’ అని రెండు తరగతులు. ఎంపికైనవారు మాంసం ముట్టరు, పెళ్లాడరు, కాయ కూడా తమ చేత్తో కోయరు. శ్రోతలు కోసి తెచ్చిన పండ్లు, కూరగాయలు తిని వాటిలోని వెలుగును విడిపిస్తారు. అగస్టీను శ్రోతగానే మిగిలాడు.

ఈ బోధలో ఆయన్ను అంతకాలం కట్టిపడేసింది ఏమిటో ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. తప్పు చేసినప్పుడల్లా, చేసింది నేను కాదు, నాలోని మరో ప్రకృతి అని చెప్పుకునే వీలు ఆ మతంలో ఉంది. నెపం చీకటి మీదికి నెట్టేస్తే మనిషి చేతులు దులుపుకోవచ్చు. అందులో దేవుడికీ నింద లేదు, మనిషికీ బాధ్యత లేదు. చెడు అనే సమస్యకు ఇంతకన్నా తేలికైన జవాబు మరొకటి ఉండదు. అందుకే అనుమానించవలసిన జవాబు కూడా అదే.

మానీ మత పండితుల్లో పేరుమోసిన ఫౌస్తుస్ కార్తేజ్ వచ్చినప్పుడు అగస్టీను తన సందేహాలన్నీ ముందుపెట్టాడు. ఫౌస్తుస్ మాటకారి. అయితే గ్రహగతుల గురించి అడిగితే తనకంత తెలియదని నిజాయతీగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయతీ అగస్టీనుకు నచ్చింది గానీ ఆ మతం మీద ఆశ మాత్రం అక్కడే సడలింది. 383లో రోముకు, మరుసటి ఏడు మిలాన్‌కు వెళ్లాడు. అక్కడ బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు విన్నాడు, ప్లేటో సంప్రదాయ గ్రంథాలు చదివాడు. 387 ఈస్టరు నాడు అంబ్రోస్ చేతిమీదుగా బాప్తిస్మం పొందాడు.

2. బేరిపళ్ల దొంగతనం

‘ఒప్పుకోళ్లు’ గ్రంథం 397 ప్రాంతంలో మొదలైంది. దాని రెండో భాగంలో ఒక చిన్న సంఘటన ఉంది. పదహారేళ్ల వయసులో ఓ రాత్రి స్నేహితుల గుంపుతో వెళ్లి, తమ ద్రాక్షతోట పక్కనున్న చెట్టునుంచి బేరిపళ్లు దులిపాడు. ఆ పళ్లు చూపుకూ బాగోవు, రుచికీ బాగోవు. ఇంట్లో అంతకంటే మంచివే ఉన్నాయి. ఒకటీ అరా కొరికి, తక్కినవి పందులకు పారేశారు.

ఇంత చిన్న విషయానికి ఒక మహా గ్రంథంలో అన్ని పుటలు ఎందుకు కేటాయించాడా అని నవ్వినవాళ్లున్నారు. ఆ పుటల్ని దగ్గరగా చదివితే అదొక న్యాయవిచారణలా ఉంటుంది. నేరమన్నాక ఉద్దేశం ఉండాలి. ఆకలా? కాదు. పండు మీద ఆశా? కాదు. పగా? కాదు. రోమును కూల్చజూసిన కాటిలీన్ అంతటివాడు కూడా నేరాన్ని నేరం కోసం చేయలేదు, అధికారం కోసం, డబ్బు కోసం చేశాడు. మరి ఈ కుర్రవాడు? నిషేధాన్ని ధిక్కరించి, లేని స్వాతంత్ర్యాన్ని ఉన్నట్టు నటించాడా? స్నేహితుల ముందు వెనకాడితే సిగ్గుచేటనుకున్నాడా? ఒంటరిగా అయితే చేసేవాణ్ణి కాదని మాత్రం గట్టిగా చెబుతాడు. ఒక్కో కారణాన్ని ఎత్తుకుంటాడు, తూచి చూస్తాడు, చాలదని పక్కన పెడతాడు. చివరికి ముడి విప్పకుండానే వదిలేస్తాడు.

నేరస్థుడూ న్యాయమూర్తీ ఒక్కడే అయిన ఈ విచారణలో కారణం దొరకకపోవడమే తీర్పు. మానీ మతంలో ఉన్న రోజుల్లో అయితే కారణం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆ సాకు లేదు. ఈ పని నాది, దీనికి నా దగ్గర సంజాయిషీ లేదు అనే దగ్గర అగస్టీను ఆగాడు.

3. లేమి అన్న సిద్ధాంతం

ఇలా ఆగడం వెనక ఒక తత్వం ఉంది. దేవుడు చేసినదంతా మంచిదే. ఉన్నదల్లా ఉన్నంతమేరకు మంచిదే. అలాంటప్పుడు చెడు ఒక పదార్థం కాజాలదు. అది మంచిలో కలిగిన లోటు, చెరుపు. గాయం ఒంటిని వదిలి వేరే ఎక్కడో బతకదు. ఒళ్లు నయమైతే గాయం మరోచోటికి పోదు, లేకుండా పోతుంది. అగస్టీను పలుమార్లు వాడిన ఉదాహరణ ఇది. చెడు లేదని ఆయన అనలేదు. పుండు నొప్పి ఎరిగినవాడెవడూ ఆ మాట అనడు. చెడుకు సొంత అస్తిత్వం లేదని, మంచిని తినే బతుకుతుందని అన్నాడు.

మరి మంచి సృష్టిలో మొదటి చెరుపు ఎలా వచ్చింది? 388 ప్రాంతంలో మొదలుపెట్టి 395 ప్రాంతంలో ముగించిన ‘స్వేచ్ఛాసంకల్పం’ అనే సంభాషణ గ్రంథం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. మిత్రుడు ఎవోడియస్ సూటిగా అడుగుతాడు, చెడుకు కర్త దేవుడేనా అని. కాదు, మార్పులేని మంచినుంచి మొహం తిప్పుకుని తక్కువ మంచి వైపు మళ్లిన సంకల్పమే అంటాడు అగస్టీను. సరే, ఆ సంకల్పాన్ని అటు మళ్లించింది ఏది?

ఇరవై రెండు భాగాల ‘దైవనగరం’ 413లో మొదలై 426 నాటికి ముగిసింది. దాని పన్నెండో భాగంలో ఈ చివరి ప్రశ్నకు జవాబుంది. చెడు సంకల్పానికి పుట్టించే కారణమంటూ ఏదీ లేదు, ఎందుకంటే అది ఒక పుట్టుక కాదు, ఒక లోపించడం. దానికి కారణం వెతకడం చీకటిని కళ్లతో చూడబోవడం, నిశ్శబ్దాన్ని చెవులతో వినబోవడం వంటిదని అక్కడ చెప్పాడు.

ఇది తప్పించుకోవడమని విమర్శకులు అంటారు. మంచిగా సృష్టి అయిన సంకల్పం కారణం లేకుండా ఎలా చెడిందన్న ప్రశ్న అలాగే నిలిచి ఉందంటారు. నిజమే, నిలిచే ఉంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరికితే ఏం జరుగుతుందో ఆలోచించండి. చెడుకు చాలినంత కారణం చూపిన మరుక్షణం అది సబబైన పని అవుతుంది. ఆ పరిస్థితుల్లో మరోలా జరగదు కదా అంటాం. అంటే దోషికి సాకు దొరుకుతుంది, బాధితుడికి సమాధానం చెప్పినట్టు లెక్క తీరుతుంది. అగస్టీను ఈ రెండు తలుపులూ మూశాడు. వివరించలేనిదాన్ని నయం చేయించుకోవాలి. ఆయన రక్షణ సిద్ధాంతం ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

4. పెలేజియస్ పక్షం

ఇప్పుడు గురువుగారి నియమం. పెలేజియస్‌ను నమ్మినవాడిలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆయన నిష్ఠాపరుడైన సాధకుడు. రోములో చాలాకాలం ఉన్నాడు. క్రైస్తవం రాజాదరణ పొందాక బాప్తిస్మం ఒక మర్యాదగా మారి, జీవితంలో ఏ మార్పూ లేని జనం సంఘంలో నిండిపోవడం కళ్లారా చూశాడు. తప్పు చేయడం, మానవ బలహీనత అనడం, క్షమాపణ అడగడం, మళ్లీ చేయడం. ఒక బిషప్ ‘ఒప్పుకోళ్లు’లోని ఒక ప్రార్థనను ఉదహరించగా విని ఆయన భగ్గుమన్నాడని అగస్టీనే రాశాడు. నువ్వు ఆజ్ఞాపించేదాన్ని చేసే శక్తి కూడా నువ్వే ఇవ్వు అన్నది ఆ ప్రార్థన సారం. శక్తి ఇచ్చేవరకు ఆగుతానంటే ఇక ఆజ్ఞకు అర్థమేముంది?

పెలేజియస్ వాదం పొందికైనది. ఏ పనికైనా చేయగలగడం, చేయాలనుకోవడం, చేయడం అని మూడు అంశాలు. చేయగలగడం దేవుడిచ్చిన వరం. తక్కిన రెండూ మనవి. చేయలేనిదాన్ని చేయమనే దేవుడు న్యాయవంతుడు కాడు. దేవుడు న్యాయవంతుడు గనుక ఆయన ఆజ్ఞ చేయగలిగినదే. మనిషికిచ్చిన స్వభావం, ధర్మశాస్త్రం, పాపక్షమాపణ, క్రీస్తు మాదిరి, ఇవే కృప. ఆదాము పాపం మనకు చెడ్డ మాదిరి అయింది తప్ప వారసత్వంగా రాలేదు.

ఇందులో మనిషి పట్ల ఎంత గౌరవముందో గమనించండి. రోమును గోతుల రాజు అలరిక్ సేనలు 410 ఆగస్టులో దోచుకున్నాక అనిచియ వంశపు స్త్రీలు ఆఫ్రికా చేరారు. ఆ ఇంటి అమ్మాయి దెమెత్రియాస్ పెళ్లి మానుకుని కన్యవ్రతం పట్టింది. ఆమెకు పెలేజియస్ రాసిన దీర్ఘలేఖ నేటికీ ఉంది. వంశం, ఆస్తి నీకు ఇతరులు ఇచ్చినవి, ఆత్మ సంపద మాత్రం నీకు నువ్వు తప్ప ఎవరూ ఇవ్వలేరు అన్నది ఆ లేఖలో ఒక భావం. పెద్దింటి పరువు తప్ప తనదంటూ ఏమీ లేని ఆడపిల్లకు ఆ మాట ఎంత బలాన్నిచ్చి ఉంటుందో! అగస్టీనూ ఆయన మిత్రుడు అలీపియస్సూ తర్వాత ఆమె తల్లి జూలియానాకు హెచ్చరిక రాశారు. ఆ సంపద ఆమెలో ఉండొచ్చు గానీ ఆమెనుంచి పుట్టింది కాదన్నారు.

పెలేజియస్ చివరికి అగస్టీను పాత గ్రంథం ‘స్వేచ్ఛాసంకల్పం’ వాక్యాలనే తన పక్షాన చూపించాడు. మానీ మతస్థుల మీద రాసిన ఆ పుస్తకంలో మనిషి సంకల్పం మీద అంత భారం పెట్టాడు మరి. అయితే అగస్టీను మనసు అప్పటికే మారింది. 396లో మిలాన్ పెద్ద సింప్లిషియన్‌కు జవాబు రాస్తూ, రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయంతో కుస్తీ పట్టాడు. స్వేచ్ఛాసంకల్పం పక్షాన శాయశక్తులా వాదించానని, చివరికి దేవుని కృపే గెలిచిందని ముసలితనంలో తన రచనల్ని తిరగవేస్తూ రాసుకున్నాడు.

415 చివర్లో పాలస్తీనాలోని దియోస్పోలిస్ సభ పెలేజియస్‌ను నిర్దోషిగా తేల్చింది. 418లో కార్తేజ్ సభ ఆయన బోధను ఖండించింది. పోప్ జోసిమస్ మొదట మెతగ్గా ఉన్నా అదే ఏడు ఖండనకు సమ్మతించాడు. 431 నాటి ఎఫెసు సభ పెలేజియస్ శిష్యుడు సెలెస్టియస్ పక్షాన్ని వెలివేసింది.

5. ఏది స్వేచ్ఛ?

ఇద్దరికీ అసలు తగాదా స్వేచ్ఛ అంటే ఏమిటన్న దగ్గర. పెలేజియస్ దృష్టిలో స్వేచ్ఛ అంటే మంచి చెడుల మధ్య ఎటైనా మొగ్గగలగడం. అగస్టీను అడిగిన ప్రశ్న ఒక్కటే: దేవుడు పాపం చేయలేడు కదా, మరి ఆయనకు స్వేచ్ఛ లేనట్టా? పరలోకంలోని భక్తులు ఇక పాపం చేయలేరు, వాళ్లు మనకంటే బానిసలా? తప్పు చేయగలగడం స్వేచ్ఛలో భాగమైతే దేవుడికన్నా మనకే ఎక్కువ స్వేచ్ఛ ఉందనాలి. కాబట్టి స్వేచ్ఛ అంటే మంచిని అడ్డులేకుండా ప్రేమించగలగడం. ఆదాముకు పాపం చేయకుండా ఉండే శక్తి ఉండేది. పడిపోయిన మనిషికి పాపం చేయక తప్పని స్థితి. రక్షణ పూర్తయినవాడికి పాపం చేయలేనంత స్వేచ్ఛ.

తాగుడుకు అలవాటుపడ్డ మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది సిద్ధాంతంగా చెప్పనక్కర్లేదు. పొద్దున ఒట్టు పెడతాడు, నిజాయతీగానే పెడతాడు. సాయంత్రానికి కాళ్లు అటే నడుస్తాయి. అతనికి కావలసింది మరో ఉపదేశమా, మరో మంచి ఉదాహరణా? తెలియక కాదు కదా అతను తాగేది. రోమీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు వర్ణించింది ఈ అవస్థనే. పెలేజియస్ చెప్పిన క్రీస్తు గొప్ప ఉపాధ్యాయుడు. అగస్టీనుకు కావలసింది వైద్యుడు. అనుభవం దగ్గర నేను అగస్టీను వైపే.

6. మాట తప్పిన చోట్లు

ఇక ఆయన దారి తప్పించిన చోట్లు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఎందుకిస్తున్నాం? పాపక్షమాపణకే అయితే వాళ్లకు పాపమెక్కడిది? ఆదాము దోషం పుట్టుకతోనే సంక్రమిస్తుందని అగస్టీను జవాబు. అక్కణ్ణుంచి తర్కం ఆగలేదు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుకు కూడా శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికన్నా తేలికైనది అన్నాడు. శిశువుల బాధలు ఆ దోషానికి రుజువన్నాడు. ఇటలీకి చెందిన బిషప్, ఎక్లానమ్ జూలియన్ దీన్ని సంవత్సరాల తరబడి ఎదిరించాడు. పసివాళ్లను దండించే దేవుణ్ణి న్యాయవంతుడని ఎలా అంటావని నిలదీశాడు. ఆ వాదం పూర్తికాకుండానే, వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా 430 ఆగస్టు 28న అగస్టీను కన్నుమూశాడు.

ఇక్కడ జూలియనే సరిగా అడిగాడు. చెడుకు కారణం వెతకడం చీకటిని చూడబోవడమన్న మనిషే, పసిబిడ్డ ఏడుపుకు కారణం చూపించాడు. తన బేరిపళ్ల దొంగతనానికి కూడా ఒప్పుకోని వివరణను ఆ బిడ్డకు అంటగట్టాడు. గ్రీకు మాట్లాడే తూర్పు సంఘాలు ఆదామునుంచి మరణం, బలహీనత వచ్చాయన్నాయి గానీ వ్యక్తిగత దోషం వచ్చిందనలేదు. కతోలిక సంఘం కూడా 2007లో వెలువడిన అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘం పత్రంలో, బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుల రక్షణకు ఆశపడడానికి బలమైన ఆధారాలున్నాయని చెప్పింది. అది జరగడానికి పదిహేను శతాబ్దాలకు పైగా పట్టింది.

రెండో చోటు దొనాతిస్టుల విషయం. ఆఫ్రికాలోని ఈ వేరు సంఘం మీద రాజదండన ప్రయోగించడాన్ని అగస్టీను మొదట వద్దన్నాడు, తర్వాత సమర్థించాడు. సంకల్పాన్ని కృప ఒక్కటే మార్చగలదన్నవాడు జరిమానాలతో మార్చే పనిని ఒప్పుకున్నాడు. తర్వాతి కాలపు బలవంతాలకు ఆయన మాటలు ఆసరా అయ్యాయి.

7. వివాదం మన ఊరిదాకా

529లో ఆరెంజ్ సభ ఇరవై అయిదు తీర్మానాల్లో అగస్టీను కృపావాదాన్ని ఆమోదించింది. అయితే దేవుడు కొందరిని చెడుకే ముందుగా నిర్ణయించాడనేవారిని శపించింది. 1524లో పండితుడు ఎరాస్మస్ సంకల్పం స్వేచ్ఛగా ఉందని రాస్తే, అగస్టీను పేరున్న మఠంలో సన్యాసిగా ఉండి వచ్చిన మార్టిన్ లూథర్ 1525లో అది బందీ అని జవాబిచ్చాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ కృప అందరికీ ఉచితమేనన్నాడు, కాదనే స్వేచ్ఛను కూడా ఆ కృపే మనిషికిస్తుందన్నాడు.

ఇది మనకు దూరపు కథ కాదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టడంతో లూథర్ వారసత్వం తెలుగునేలకు వచ్చింది. మెదక్ ప్రాంతపు సంఘం వెస్లియన్ మిషనరీల కృషి. ఆదివారం గుంటూరులోనూ మెదక్‌లోనూ కృప మీద ప్రసంగం విన్నవారు తెలియకుండానే ఈ పాత తగాదాలోని రెండు కొసల్ని విన్నట్టు.

ఆధునిక కాలంలో ప్రశ్న మరింత పదునెక్కింది. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ ఉదయం, జనం చర్చిల్లో ఉన్న వేళ లిస్బన్ భూకంపం వచ్చింది. మనిషి సంకల్పంతో పనిలేని చెడు ఇది. తత్వవేత్త కాంట్ 1791లో, చెడు ఎదుట దేవుణ్ణి సమర్థించే వాదాలన్నీ విఫలమయ్యాయని వ్యాసం రాసి, యోబు మిత్రుల వివరణల కన్నా యోబు నిజాయతీయే మేలన్నాడు. 1955లో తత్వవేత్త మాకీ దేవుడూ చెడూ కలిసి ఉండడం తర్కవిరుద్ధమన్నాడు. 1974లో మరో తత్వవేత్త ప్లాంటింగా స్వేచ్ఛ పేరుతో ఆ వైరుధ్యం లేదని చూపాడు. ఆయన జాగ్రత్తను మెచ్చుకోవాలి: వైరుధ్యం లేదన్నాడే తప్ప, దేవుడు చెడును ఎందుకు అనుమతించాడో తనకు తెలుసని అనలేదు.

ముగింపు

సువార్తల్లో యేసు కూడా, బాధకు బాధితుడి పాపమే కారణమన్న వివరణను తోసిపుచ్చాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూపి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు. ఆపైన అతనికి చూపునిచ్చాడు. సిలోయము గోపురం కూలి చచ్చినవాళ్లు తక్కినవారికన్నా పాపులు కారన్నాడు. యోబు గ్రంథం చివర దేవుడు కోప్పడింది బాధకు కారణాలు చెప్పిన మిత్రుల మీదే.

అందుకని పాస్టర్లకు, ఫాదర్లకు, రేపు తత్వశాస్త్రం చెప్పబోయే విద్యార్థులకు నా మనవి ఒకటి. మన తప్పు దగ్గర సాకు వెతకవద్దు, ఎదుటివాడి బాధ దగ్గర కారణం వెతకవద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో నీ విశ్వాసం చాలలేదని, ఏదో దాచిన పాపముందని చెప్పే బోధకు క్రైస్తవంలో చోటు లేదు. అది యోబు మిత్రుల మతం. పెలేజియస్ నుంచి బాధ్యత నేర్చుకుందాం, అగస్టీను నుంచి కృప నేర్చుకుందాం. పసిబిడ్డల విషయంలో మాత్రం ఇద్దరినీ దాటి, జూలియన్ అడిగిన ప్రశ్నను మన ప్రశ్నగా ఉంచుకుందాం.